ఒకే వరసలో ఆంధ్ర, శబర

ఈసారి పోస్టు పొడుగైంది. అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి, మధ్యలో ఆపొద్దు.

మొన్నొక సాయంత్రం మేం నలుగురం తార్నాకాలో మెట్రో పిల్లర్ల కింద చాయ్ తాగుతున్నాం. మాలో ఒకరిది ఉట్నూరు దగ్గర గూడెం, గోండులు. ఒకరిది ఏటూరునాగారం వైపు, కోయ. మూడోవాడు సీతంపేట ఏజెన్సీ నుంచి వచ్చిన సవర, మన క్యాంపస్ పక్కనే ఇఫ్లూలో చదువుతున్నాడు. నాలుగోవాడిది చింతూరు మండలం, వాడూ కోయే. నలుగురి ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అమ్మలు ఇప్పటికీ వేలిముద్రే.

చింతూరువాడు ఆరోజు ఒక ఆఫీసుకు పోయి వచ్చాడు. ఏ ఆఫీసో ఇక్కడ రాయం. కాగితాలు చూసినాయన, "నువ్వు ఆంధ్రా ఎస్టీ కదా, ఇక్కడ నీకు వర్తించదు" అని కాగితాలు తిరిగిచ్చేశాడట. వాడు చిన్నప్పటి నుంచీ చదివింది భద్రాచలంలో, హాస్టల్లో. వాళ్ళ నాయన కులపత్రం మీద ఖమ్మం జిల్లా అని ఉంటుంది. వీడి పత్రం మీద అల్లూరి సీతారామరాజు జిల్లా అని ఉంటుంది. ఇల్లు అదే, చింతచెట్టు అదే, పోడు చేలు అవే. వీడు అయిదో తరగతి చదివేటప్పుడు, 2014లో, పోలవరం కోసం ఆ మండలాలన్నీ ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. వాళ్ళెవరూ ఎక్కడికీ కదల్లేదు. రాష్ట్రమే కదిలింది.

చాయ్ చల్లారిపోయింది. అప్పుడు సవర తమ్ముడు అన్నాడు: "ఆంధ్రా, ఎస్టీ. ఈ రెండు మాటలూ పక్కపక్కన ఎట్లొచ్చినయ్ అసలు? ఆంధ్ర అంటే ఎవరు?"

మేం నవ్వాం. తెల్సిందే కదా అనుకున్నాం. చెప్పబోతే ఎవరికీ నోరు రాలేదు. ఒకడు భాష అన్నాడు, ఒకడు రాష్ట్రం అన్నాడు, ఒకడు "అటువైపోళ్ళు" అన్నాడు. ఆ రాత్రి నుంచి రెండు వారాలు లైబ్రరీలో కూర్చున్నాం. దొరికింది ఇక్కడ పెడుతున్నాం. పరీక్ష కోసం చదివింది కాదు కాబట్టి వరస సరిగ్గా ఉండకపోవచ్చు.

ఆంధ్ర అనే మాట దొరికే చాలా పాత చోటు ఐతరేయ బ్రాహ్మణం. వేదాల తర్వాత పుట్టిన యజ్ఞాల గ్రంథం అది. క్రీస్తుకు కొన్ని వందల ఏళ్ళ ముందుది. అందులో శునశ్శేపుడి కథ ఉంది. నూరు ఆవులకు తండ్రి అమ్మేస్తే యజ్ఞంలో బలి ఇవ్వడానికి కట్టేసిన పిల్లాడు వాడు. బతికి బయటపడ్డాక విశ్వామిత్రుడు వాణ్ణి దగ్గరికి తీసుకుని, తన కొడుకులందరికీ పెద్దవాడిగా ప్రకటిస్తాడు. పెద్ద కొడుకులు యాభైమంది ఒప్పుకోరు. అప్పుడు ఆయన శాపం పెడతాడు: మీ సంతానానికి నేల అంచులే దక్కుతాయి అని. అట్లా అంచులకు పోయినవాళ్ళు ఎవరంటే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు. దస్యుల్లో ఎక్కువమంది వీళ్ళే అని కూడా చెబుతుంది ఆ గ్రంథం.

ఇంకోసారి చదవండి. ఆంధ్రులు, శబరులు. ఒకే శాపం, ఒకే వరస. మధ్యలో ఒక్క పేరే అడ్డం.

ఆ పేజీ చూపిస్తే మా సవర తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. శబర అంటే సవర అనే పండితులు చెబుతారు. శబరి కథ మనకందరికీ తెలుసు. కానీ శబరికి ఎంగిలి పండ్ల కథే మిగిలింది. ఆంధ్రకు అసెంబ్లీ వచ్చింది. ఇద్దరూ బయల్దేరింది మాత్రం ఒకే అంచు నుంచి.

ఇది ఒక్క చోటే అయితే ఏదో కథలే అనుకోవచ్చు. మనుస్మృతి పదో అధ్యాయం కులాలకు పనులు పంచుతుంది. అక్కడ ఆంధ్రులు ఊరి బయట ఉండాల్సినవాళ్ళు. వాళ్ళ పని అడవి జంతువుల్ని వేటాడటం. ఆ పని ఇచ్చింది నాలుగు పేర్లకు: మేదులు, ఆంధ్రులు, చుంచులు, మద్గులు. చుంచు అంటే మన నల్లమల చెంచులేనా అని పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. అవునన్నా కాదన్నా, తెలుగువాళ్ళందరూ గొప్పగా చెప్పుకునే పేరు ఆ పుస్తకంలో ఊరి బయట విల్లు పట్టుకుని నిలబడి ఉంది.

మాట ఎట్లా పుట్టిందో మాత్రం తేలలేదు. అంధ అంటే గుడ్డి అని దాంతో ముడిపెట్టేవాళ్ళున్నారు. అది శబ్దం కలిసింది కదా అని అంటగట్టిందే, మాకు నమ్మబుద్ధి కాలేదు. ఆ పాత చోట్లలో ఎక్కడా ఆంధ్రులు తమ గురించి తాము మాట్లాడరు. వేరేవాళ్ళు వాళ్ళ గురించి మాట్లాడతారు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరమొస్తుంది.

తర్వాత అశోకుడు. కళింగ యుద్ధం అయిపోయాక వేయించిన పదమూడో శిలాశాసనంలో, తన ధర్మాన్ని పాటిస్తున్న జనాల పేర్లు చెబుతూ ఆంధ్రులు, పుళిందులు అని జంటగా చెప్పాడు. క్రీస్తుకు ముందు మూడో శతాబ్దం అది. అదే శాసనంలో ఇంకో మాట ఉంది. తన రాజ్యంలో అడవిలో ఉండేవాళ్ళకు ఒక హెచ్చరిక: నేను పశ్చాత్తాపపడుతున్నాను గానీ, శిక్షించే శక్తి నాకు ఇంకా ఉంది, బుద్ధిగా ఉండండి అని. వాళ్ళకు పేరు లేదు. "అటవి" అంతే, అడవి జనం. కళింగలో లక్షమంది చచ్చిపోయారని ఏడ్చిన రాజు అడవివాళ్ళతో మాట్లాడేటప్పుడు గొంతు మార్చాడు. క్లాసులో ఈ శాసనం చెప్పినప్పుడు శాంతి గురించే రాసుకున్నాం. ఈ వాక్యం మా నోట్సులో లేదు.

మాకైతే అక్కడే దారి చీలింది అనిపించింది. ఆంధ్రులకు పేరుంది, రాజుకు లెక్కలో ఉన్నారు. అడవివాళ్ళకు పేరు లేదు, హెచ్చరికే ఉంది. అప్పటికే ఆంధ్రులు బలం కూడగట్టారని బయటివాళ్ళ రాతల్లో కనబడుతుంది. రోమ్‌లో ప్లినీ అనే ఆయన, గ్రీకు రాయబారి మెగస్తనీసు చెప్పిందాన్ని ఆధారంగా చేసుకున్నాడంటారు, ఆంధ్రులకు గోడలు కట్టిన పట్నాలు 30, కాల్బలం 1,00,000, గుర్రాలు 2,000, ఏనుగులు 1,000 అని రాశాడు. అంచున పడేసిన పేరుకు కోటలొచ్చాయి. ఏనుగులున్నవాణ్ణి ఎవరూ దస్యువు అనరు.

ఆ తర్వాత శాతవాహనులు. పురాణాలు వీళ్ళను ఆంధ్రులు అంటాయి, ఆంధ్రభృత్యులు అని కూడా అంటాయి. కానీ వాళ్ళ శాసనాల్లో వాళ్ళు రాసుకున్నది శాతవాహన అని. ఇక్కడ కూడా ఆంధ్ర పక్కోడి నోట్లో మాటే. నాలుగో శతాబ్దానికి అది నేల పేరయింది. పల్లవ శివస్కందవర్మ మైదవోలు రాగిరేకుల మీద ధాన్యకటకం, అంటే అమరావతి చుట్టుపక్కల ప్రాంతం, అంధాపథం అని కనిపిస్తుంది. ఇంకా తర్వాత అదే భాష పేరయింది. అసలు భాషకు జనం నోట్లో తెలుగు, తెనుగు అని వేరే పేర్లున్నాయి. త్రిలింగం నుంచి వచ్చిందని ఒక వాదం. కాళేశ్వరం, శ్రీశైలం, దాక్షారామం మూడు లింగాల మధ్య దేశం అని చెబుతారు. ఇంకో వాదం ప్రకారం తెన్ అంటే దక్షిణం, తెనుగువాళ్ళంటే దక్షిణపువాళ్ళు. మాకు రెండోదే సబబనిపిస్తుంది, ఎందుకంటే జనం పేర్లు ఎక్కువగా ఇట్లా దిక్కుల నుంచీ, గుట్టల నుంచీ వస్తాయి. గుడి లింగాల కథలు తర్వాత కట్టుకుంటారు.

ఇప్పుడు మన పేర్ల దగ్గరికి వద్దాం.

గోండు అనే మాట గోండులది కాదు. మా ఉట్నూరు మిత్రుడి ఇంట్లో నానమ్మ వాడే మాట కోయతూర్. ఆశ్చర్యంగా ఏటూరునాగారం, చింతూరు కోయల ఇళ్ళల్లో కూడా తమ గురించి తాము చెప్పుకునే మాట దాదాపు అదే, కోయతోర్. మధ్యలో గోదావరి, ప్రాణహిత, వందల కిలోమీటర్ల అడవి. సర్టిఫికెట్‌లో ఒకరు గోండు, ఇంకొకరు కోయ, వేర్వేరు తెగలు. ఇంట్లో మాట ఒకటే. హాస్టల్లో ఒకే రూములో ఏడాది ఉండి ఈ సంగతి మేం ఒకర్నొకరం అడగలేదు. సిగ్గేసింది.

మరి గోండు ఎక్కడిది? నాగపూర్‌లో ఉన్న హిస్లాప్ అనే మిషనరీ పంతొమ్మిదో శతాబ్దంలో ఒక ఊహ చేశాడు. గోండు, కోందు ఒకటే మాట అనీ, దాని మూలం తెలుగు "కొండ" అనీ. కన్నింగ్‌హామ్ దాన్ని గౌడ దేశంతో కలిపాడు. రసెల్, హీరాలాల్ 1916లో మధ్యపరగణాల తెగల గురించి పెద్ద పుస్తకం వేస్తూ, ఈ మాట మూలం తేలలేదు, బయటివాళ్ళు పెట్టిన పేరు, వాళ్ళు తమను కోయతూర్ అనుకుంటారు అని రాశారు. హిస్లాప్ ఊహే నిజమైతే తమాషా చూడండి. కింద మైదానంలో నిలబడి పైకి చూసినవాడికే కొండ కనబడుతుంది. కొండ మీద ఉన్నవాడు దాన్ని ఊరంటాడు.

మన క్యాంపస్‌కే సంబంధం ఉన్న ఒక మనిషి కథ ఇక్కడ చెప్పాలి. హైమండార్ఫ్ పేరు మనలో చాలామందికి తెలుసు, ఆదిలాబాద్ వాళ్ళకైతే ఇంట్లో పెద్దమనిషి లెక్క. ఆయన 1909లో వియన్నాలో పుట్టాడు. 1938లో జర్మనీ ఆస్ట్రియాను మింగేసింది. 1939లో యుద్ధం వచ్చేనాటికి ఆయన మన దగ్గరున్నాడు, జేబులో జర్మనీ పాస్‌పోర్టు. బ్రిటిష్‌వాళ్ళ లెక్కలో శత్రుదేశస్థుడు. అరెస్టు చేసి, నిజాం రాజ్యం దాటి పోకూడదని షరతు పెట్టారు. ఆ షరతు మీద ఉంటూనే చెంచుల దగ్గరికి, కొండరెడ్ల దగ్గరికి, కొమురం భీం చనిపోయిన తర్వాత గోండుల దగ్గరికి వెళ్ళాడు. పుట్టిన దేశం పటంలో లేదు, పాస్‌పోర్టు మీద ఉన్న దేశం తనది కాదు, ఉంటున్న దేశం వదిలిపెట్టదు. అట్లాంటివాడు మార్లవాయిలో కూర్చుని కోయతూర్ అనే మాట రాసుకున్నాడు. 1943లో అక్కడ గోండీలో చదువు, టీచర్ల ట్రైనింగ్ మొదలయ్యాయి, వాచకాలు దేవనాగరి లిపిలో వేశారు. 1945లో ఉస్మానియాలో ఆయన్ను మానవశాస్త్రం ప్రొఫెసర్‌గా పెట్టారు. బయటివాడు రాస్తే తప్ప మన పేరు పుస్తకంలోకి ఎక్కలేదని మాలో ఒకడికి కోపం. రాసినందుకు మిగిలిందని ఇంకొకడు. ఆ గొడవ ఇంకా తెగలేదు.

ఇట్లాంటిదే ఇంకోటి. వ్యవహారిక తెలుగు కోసం జీవితమంతా కొట్లాడిన గిడుగు రామమూర్తి, ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం చేస్తారు, పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకున్నాడు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. సవర తెలుగుకు చుట్టం భాష కూడా కాదు, ముండా కుటుంబం, సంతాలీకి దగ్గర. జనం మాట్లాడే మాటకే విలువ అని నమ్మినాయన ముందు వెళ్ళింది సవరల దగ్గరికి. ఆగస్టు 29న మైకుల్లో ఈ ముక్క మేం ఎప్పుడూ వినలేదు.

మళ్ళీ ఆంధ్ర దగ్గరికి. ఈ నగరంలో ఆ మాట బతికిన బతుకు విచిత్రం. 1901లో సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టారు. 1921 నవంబర్‌లో వివేకవర్ధినిలో ఒక సభ, కార్వే గారు అధ్యక్షుడు. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షత. అంటే అప్పుడు తెలంగాణ తెలుగువాళ్ళు ఛాతీ మీద చెయ్యేసుకుని "మేం ఆంధ్రులం" అన్నారు. నోరు మూయించినవాళ్ళ ముందు నిలబడటానికి ఆ మాట పట్టుకున్నారు.

1952లో ముల్కీ గొడవ వచ్చింది. ముల్క్ అంటే దేశం, ముల్కీ అంటే ఈ దేశపువాడు. అది కూడా జాతీయత చెప్పే మాటే, నౌకరీలకు సంబంధించిన మాట. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్. 1969 వచ్చేసరికి ఇదే క్యాంపస్‌లో విద్యార్థులు రోడ్డెక్కారు. అప్పటికి ఆంధ్ర అంటే "వాళ్ళు". 2009లో మళ్ళీ ఆర్ట్స్ కాలేజీ ముందు అదే. నలభై, యాభై ఏళ్ళల్లో ఒక మాట "మేం" నుంచి "వాళ్ళు"కు మారింది. తాత ఆంధ్రుడినన్నాడు, మనవడు ఆంధ్రోడు పో అన్నాడు. ఇద్దరి కోపమూ న్యాయమైనదే, ఇద్దర్నీ తక్కువ చేసేవాడు ఒకడున్నాడు కాబట్టి. ఉద్యమాన్ని తప్పుపట్టడానికి మేం ఇది రాయడం లేదు. మాలో ఇద్దరి అన్నలు ఆ రోజుల్లో లాఠీదెబ్బలు తిన్నవాళ్ళే.

మాకు నొప్పి ఎక్కడంటే, ఆ మాట అటూ ఇటూ ఊగినప్పుడల్లా కింద పడ్డది మన గూడేలు. భద్రాచలం వైపు లెక్క చూడండి. మొదట నిజాం. 1860లో బ్రిటిష్‌వాళ్ళకు పోయింది, మధ్యపరగణాల్లో ఉంది. 1874లో మద్రాసు రాజధాని, గోదావరి జిల్లా. తర్వాత ఆంధ్ర రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్. 1959లో ఖమ్మం జిల్లా. 2014లో భద్రాచలం ఊరు ఇటు, చుట్టూ మండలాలు అటు. 2022లో చింతూరు, కూనవరం, వీఆర్ పురం, ఎటపాక కొత్త జిల్లాలోకి, కుక్కునూరు, వేలేరుపాడు ఏలూరు జిల్లాలోకి. ఇన్ని మార్పుల్లో ఒక్కసారైనా గూడెం పెద్దల్ని పిలిచి మీరెవరని అడిగినట్టు మా ఇళ్ళల్లో ఎవరూ చెప్పరు. పటం మీద గీత జరిగింది, వీళ్ళు ఇవాళ తెలంగాణ, రేపు ఆంధ్ర. ముంపు మాత్రం వాళ్ళకే.

చివరికి మమ్మల్ని చదువుకున్నోళ్ళం అనిపించిన సంగతి ఒకటి. మన షెడ్యూల్డ్ తెగల జాబితా ఎప్పుడైనా మొత్తం చదివారా? మేమూ మన పేరు వరకే వెతుక్కుని మూసేసేవాళ్ళం. ఈసారి పై నుంచి చదివాం. తెలంగాణ జాబితాలో ఒకటో నంబర్ ఏంటో తెలుసా? "ఆంధ్, సాధు ఆంధ్." ఆంధ్ అనేవాళ్ళు మన ఆదిలాబాద్ వైపు, అటు మహారాష్ట్రలో నాందేడ్, పర్భణీ, యవత్‌మాల్ వైపు ఉంటారు, మరాఠీ మాట్లాడతారు. ఐతరేయంలోని ఆంధ్రులకూ వీళ్ళకూ చుట్టరికం ఉందని కొందరంటారు, గట్టి రుజువు మాకు కనబడలేదు కాబట్టి దాని మీద ఇల్లు కట్టం. పేరు మాత్రం అక్కడుంది, ఒకటో నంబర్‌లో. కిందికి వస్తే గోండు, నాయక్‌పోడ్, రాజ్‌గోండు, కోయతూర్. అవును, ఇంట్లో మాట కోయతూర్ కూడా జాబితాలో ఉంది, గోండు పక్కన, మళ్ళీ కోయకు వేరే నంబర్.

చింతూరువాడికి చూపించాం. "అయితే ఆ ఆఫీసాయన సరిగ్గానే అన్నాడు, ఆంధ్రా ఎస్టీనే" అని నవ్వాడు. అంతలోనే నవ్వు ఆపేసి, సీటు సంగతి ఏం చేయాలని అడిగాడు. దానికి మా దగ్గర జవాబు లేదు. ఏడేళ్ళలో నాలుగేళ్ళు ఎక్కడ చదివాడో స్టడీ సర్టిఫికెట్లు తీసి అర్జీ పెట్టించాం. కానీ స్థానికత ఒక లెక్క, ఎస్టీ పత్రం ఏ రాష్ట్రం ఇచ్చిందనేది ఇంకో లెక్క. ఇట్లా ఇరుక్కున్నవాళ్ళు గ్రూపులో ఇంకెవరైనా ఉంటే, ఎట్లా బయటపడ్డారో రాయండి. ఒకరు రాస్తే పదిమందికి పనికొస్తుంది.

తార్నాకా పేరు గురించి కూడా తెలుసుకున్నాం, ఊరికే. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చౌకీ. నిజాం కాలంలో ముళ్ళతీగ వేసి కాపలా పెట్టిన చోటట. ఎవరు, ఎక్కడి నుంచి అని ఆపి అడిగే చోటు. రోజూ అక్కడే చాయ్ తాగుతున్నాం.

ఆ రాత్రి వాడు ఇంటికి ఫోన్ చేశాడు, స్పీకర్ పెట్టాడు. సగం కోయలో, సగం తెలుగులో అంతా చెప్పాడు. అమ్మ చాలాసేపు విని, "ఆంధ్రా అంటే రాజమండ్రి అవతల కదరా, అక్కడికెందుకు పోయినవ్?" అని అడిగింది.

మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళను రెండు మాటలు అడిగి పంపండి. మనల్ని మనం ఏమనుకుంటాం, కింద మైదానంలో ఉండేవాళ్ళను ఏమంటాం. సవర, కోలాం, కొండరెడ్డి, జాతాపు, చెంచు, లంబాడా, ఎరుకల, అందరూ. మన లిపిలో లేకపోయినా పర్వాలేదు, ఎట్లా పలుకుతారో అట్లాగే తెలుగులో రాయండి. ఊరు పేరు, చెప్పినవాళ్ళ వయసు కూడా రాస్తే మంచిది. ముసలోళ్ళు ఉన్నప్పుడే అడగండి.